స్టూడెంట్ బ్యాచ్‌కి ప్రాజెక్టు ఇస్తున్నారా? ముందు ఆ ఒక్క పేజీ రాయండి

"అన్నయ్యా, మా బ్యాచ్‌కి మీ కంపెనీలో ఏదైనా ప్రాజెక్టు ఇప్పిస్తారా?"

ఇంజినీరింగ్ ఫైనలియర్ మొదలైందంటే ఈ ఫోన్ తప్పదు. పెదనాన్న మనవడో, పక్కింటివాళ్ల అమ్మాయో, మనం చదివిన కాలేజీ జూనియరో చేస్తారు. ఒక్కోసారి కాలేజీయే ఎంఓయూ (అవగాహన ఒప్పందం) కాగితం పట్టుకుని ఆఫీసుకొస్తుంది. మనం కూడా "దాందేముంది, పంపించండి" అనేస్తాం. తీరా చూస్తే ఆ క్షణానికి మన దగ్గర ప్రాజెక్టంటూ ఏమీ ఉండదు. ఎప్పుడో మీటింగులో అనుకుని వదిలేసిన ఆలోచన ఒకటి ఉంటుంది, అంతే.

మాది విజయవాడలో 30 మంది పనిచేసే చిన్న కంపెనీ. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలకు స్టాకు, అద్దె, బాండ్ల (నిల్వ సరుకుకు ఇచ్చే పత్రాల) లెక్కలు చూసుకునే సాఫ్ట్‌వేర్ చేస్తాం. మొదటిసారి స్టూడెంట్ బ్యాచ్‌ని తీసుకున్నప్పుడు మేమిచ్చిన టైటిల్ "ఏఐ ఆధారిత కోల్డ్ స్టోరేజ్ ఆటోమేషన్". నలుగురు పిల్లలు నాలుగు నెలలు కష్టపడి లాగిన్ పేజీ, డాష్‌బోర్డు, మూడు రంగుల గ్రాఫులు చేసి తెచ్చారు. అవన్నీ మా దగ్గర అప్పటికే ఉన్నాయి. వాళ్లను ఏమనగలం? నాలుగు మాటల టైటిల్ చేతిలో పెట్టి, మా బుర్రలో ఉన్నది వాళ్లు కనిపెట్టాలని కూర్చున్నది మేమే.

ఆ తర్వాత నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. సమస్యేమిటో, మాకేం కావాలో ఒక పేజీ రాసి, దాన్ని మా ఆఫీసులోనే ఇద్దరు చదివి ఒకే అర్థం చెబితే తప్ప బ్యాచ్‌ని పిలవం. ఆ పేజీ ఎలా రాయాలో, దాని చుట్టూ ఏమేం చూసుకోవాలో మా దెబ్బల అనుభవంతో చెబుతాను.

1. మీకేం కావాలో ముందు మీరు ఒప్పుకోండి

కంపెనీలు విద్యార్థుల ప్రాజెక్టుల్లోకి మూడు కారణాలతో వస్తాయి. మంచి పిల్లల్ని ముందే చూసి ఉద్యోగంలోకి తీసుకోవడానికి, ఎప్పటినుంచో పక్కనపెట్టిన సమస్యను ఎవరైనా కదిపి చూస్తే బాగుండని, లేదా చదివిన కాలేజీ మీద అభిమానంతో. మూడూ మంచివే. కానీ దేనికోసం చేస్తున్నారో దాన్నిబట్టి పేజీ మారుతుంది. ఉద్యోగాలకైతే నలుగురి పనీ విడివిడిగా కనిపించేలా ప్రాజెక్టు ఉండాలి. సమస్య కోసమైతే చివరికి వాళ్లు తెచ్చేది పనికిరాకపోయినా "ఈ దారి పనికిరాదు" అని తెలియడమే లాభం అనుకోగలగాలి.

నాలుగో కారణం ఒకటుంది, పైకి ఎవరూ చెప్పరు: ఉచితంగా పని అయిపోతుందని. దానికోసమైతే మానుకోండి. మీ ఇంజినీర్ వాళ్లకు నేర్పే గంటలు లెక్కేస్తే ఆ పని మీరే చేసుకోవడం చవక.

2. మధ్య అరలో ఉన్న సమస్యను తీయండి

మీ కంపెనీ పనుల్ని మూడు అరల్లో పెట్టారనుకోండి. పై అరలో ఉన్నవి ఆగితే వచ్చే నెల కస్టమర్ ఫోన్ చేసి తిడతాడు. కింది అరలో ఉన్నవి పదేళ్లు ఆగినా ఎవరూ అడగరు. మధ్య అరలో ఉన్నవి ఎవర్నీ ముంచవు కానీ రోజూ ఎవరో ఒకరిని విసిగిస్తాయి. మీరు ఇవ్వాల్సింది మధ్య అరలోంచి.

పై అర పని ఇస్తే ఏమవుతుందంటే, డెడ్‌లైన్ దగ్గరపడేసరికి మీవాళ్లే రాత్రికి రాత్రి రాసేస్తారు. పిల్లలు మార్చిలో వచ్చి "సార్, మా మాడ్యూల్..." అంటే "అది అయిపోయిందమ్మా" అంటారు. కింది అర పని ఇస్తే వాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పడానికి మీ ఆఫీసులో ఒక్కరికీ ఓపిక ఉండదు.

మాకు దొరికిన మధ్య అర సమస్య రైతుల పేర్లు. ఒకే రైతు మూడు సీజన్లలో మూడు రకాలుగా ఎంట్రీ అవుతాడు. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో ఒక గుమాస్తా ఎక్స్ పెట్టి రాస్తాడు, ఇంకొకరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు. వెంకటేశ్వర్లులో ఒకరికి హెచ్ ఉంటుంది, ఒకరికి ఉండదు. ఇంటిపేరు ఒకసారి ముందొస్తుంది, ఒకసారి పొడి అక్షరంగా వస్తుంది, ఇంకోసారి అసలు రాదు. అలా ఒక మనిషికి మూడు ఖాతాలు, అతని టిక్కీలు (మిర్చి బస్తాలు) మూడు చోట్ల. బాకీ లెక్క అడిగితే గుమాస్తా మూడు స్క్రీన్లు తెరిచి కాలిక్యులేటర్ తీస్తాడు. పని నడుస్తుంది, విసుగు మాత్రం పోదు. అసలైన మధ్య అర సరుకు.

3. వాళ్ల క్యాలెండర్ తెప్పించుకుని గంటలు లెక్కేయండి

ప్రాజెక్టు ఇచ్చే కంపెనీలు ఎక్కువగా బోర్లాపడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

హైదరాబాద్ జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో మేజర్ ప్రాజెక్టు నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్‌లో స్టేజ్-1గా, రెండో సెమిస్టర్‌లో స్టేజ్-2గా నడుస్తుంది. అటానమస్ కాలేజీలు ఎవరి రూల్సు వాళ్లు రాసుకుంటాయి. అందుకే అందరికీ వర్తించే లెక్క ఏదీ లేదు. మీకొచ్చిన కాలేజీ అకడమిక్ క్యాలెండర్ అడిగి తీసుకోండి. మిడ్ పరీక్షలు, సంక్రాంతి సెలవులు, కాలేజీ ఫెస్ట్, ఫస్ట్ రివ్యూ, సెకండ్ రివ్యూ, ఫైనల్ వైవా, అన్నీ పెన్నుతో గీయండి. దానిమీద ప్లేస్‌మెంట్లు, సీఆర్‌టీ (ఉద్యోగ ఇంటర్వ్యూల శిక్షణ) క్లాసులు గీయండి. చివరి సెమిస్టర్‌లో క్లాసులు తక్కువే కదా, టైమ్ బోలెడు ఉంటుందని మనం అనుకుంటాం. అప్పటికే ఉద్యోగమొచ్చినవాళ్లు ఆ కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిపోతారు, రానివాళ్లు టెన్షన్‌తో ఇంటర్వ్యూల చుట్టూ తిరుగుతుంటారు. మీ ప్రాజెక్టుకు మిగిలేది సాయంత్రాలు, ఆదివారాలు.

నేను వేసుకునే లెక్క ఇది. నలుగురు పిల్లలు, మనిషికి వారానికి 6 గంటలు, 14 వారాలు. మొత్తం 336 గంటలు. అందులో మిడ్లు, పండగ, రివ్యూ తయారీల కింద 4 వారాలు తీసేస్తే 240. కొత్త భాష, కొత్త టూల్సు, మీ రంగం నేర్చుకుంటూ చేసే పని కాబట్టి అనుభవమున్న ఇంజినీర్‌తో పోలిస్తే మూడో వంతు వేగం అనుకోండి. మిగిలింది 80 గంటలు. అంటే మీ దగ్గర పనిచేసే ఒక ఇంజినీర్ రెండు వారాల్లో ముగించే పని. నాలుగు నెలల ప్రాజెక్టు అసలు సైజు అదన్నమాట.

ఈ మాట చెబితే మా మేనేజర్ నమ్మలేదు. "నలుగురు, నాలుగు నెలలు... రెండు వారాల పనేనా?" అన్నాడు. సంవత్సరాంతానికి తనే అదే లెక్క వేరేవాళ్లకు చెబుతున్నాడు.

అమెరికాలో హార్వీ మడ్ కాలేజీ 1963 నుంచి క్లినిక్ పేరుతో కంపెనీల సమస్యలను విద్యార్థి బృందాలకు ఇస్తోంది. అక్కడ ఒక్కో ప్రాజెక్టుకు ఇచ్చేది మొత్తం విద్యా సంవత్సరం. మన దగ్గర బిట్స్ పిలానీ ప్రాక్టీస్ స్కూల్ 1973లో మొదలైంది. దాని రెండో దశలో విద్యార్థి అయిదున్నర నెలలు పూర్తిగా కంపెనీలోనే ఉంటాడు. అలాంటి ఏర్పాటు ఉన్నచోట పెద్ద పని ఇవ్వచ్చు. సాయంత్రాలు పనిచేసే బ్యాచ్‌కి అదే సైజు పని ఇస్తే మా మొదటి ఏడాది కథే మీకూ.

మీ సీజన్ కూడా చూసుకోండి. మాకు మిర్చి పంట వచ్చే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోల్డ్ స్టోరేజీల్లో ఊపిరాడదు. సరిగ్గా అప్పుడే పిల్లల చివరి సెమిస్టర్. అందుకని వాళ్లను సైటుకు తీసుకెళ్లాలంటే సంక్రాంతిలోపే తీసుకెళ్తాం.

4. ఇక ఆ పేజీ

పేజీలో సమస్య రాయండి, పరిష్కారం రాయకండి. "రియాక్ట్‌తో ఫ్రంటెండ్, మోంగోడీబీలో డేటాబేస్, మెషీన్ లెర్నింగ్ మోడల్" అని మొదలయ్యే పేజీ ఆర్డర్ కాగితం. దాన్ని చూసి పిల్లలు ఆలోచించడం ఆపేసి, టైప్ చేయడం మొదలుపెడతారు. మీ సిస్టమ్‌కి కలవాలి కాబట్టి పైథాన్‌లోనే ఉండాలి అనుకుంటే ఆ ఒక్క షరతు, దాని కారణంతో సహా రాయండి. మిగతాది వాళ్లకు వదలండి.

మేం రెండో ఏడాది ఇచ్చిన పేజీని కాస్త కుదించి ఇక్కడ పెడుతున్నాను:

*ఎవరి ఇబ్బంది: కోల్డ్ స్టోరేజీలో ఎంట్రీలు చేసే గుమాస్తా. ఒకే రైతు పేరు రకరకాల స్పెల్లింగులతో ఎంట్రీ కావడం వల్ల ఒకే మనిషికి రెండు మూడు ఖాతాలు తయారవుతున్నాయి.*

*ఇప్పుడేం చేస్తున్నారు: సీజన్ చివర్లో ఇద్దరు కూర్చుని జాబితా చదివి, అనుమానం వచ్చినవాటిని పెన్నుతో గుర్తుపెట్టి, రైతుకు ఫోన్ చేసి కలుపుతారు.*

*మేమిచ్చేది: 3,000 పేర్ల ఫైలు, ఊరి కోడ్‌తో. అందులో 300 పేర్ల జతలకు "ఒకరే", "వేరు" అని మేమే చూసి పెట్టిన జవాబులు.*

*మాకు కావలసింది: ఫైలు ఇస్తే, ఒకరే అయి ఉండొచ్చనిపించే జతల జాబితా. ఎక్కువ నమ్మకం ఉన్నవి పైన, తక్కువవి కింద. ఖాతాలు కలిపే పని ప్రోగ్రామ్ చేయకూడదు. చూసి కలిపేది మనిషే.*

*ఏ తప్పు పెద్దది: ఇద్దరు వేర్వేరు రైతులను ఒకరే అనడం పెద్ద తప్పు. బాండ్ మీద బ్యాంకు లోన్లు ఉంటాయి. ఒకరి లోను ఇంకొకరి టిక్కీల మీద పడితే గొడవ పోలీస్ స్టేషన్‌దాకా వెళ్తుంది. ఒకే రైతును ఇద్దరనుకోవడం చిన్న తప్పు. ఇప్పుడు జరుగుతున్నది అదే.*

*అయిందని ఎప్పుడనుకుంటాం: మీరెప్పుడూ చూడని ఇంకో 100 జతలు మా దగ్గరున్నాయి. చివరి వారం వాటిమీద నడుపుతాం. మొదటి 30 సూచనల్లో 27 సరైనవైతే చాలు.*

*చేయనక్కర్లేనివి: లాగిన్, మొబైల్ యాప్, డాష్‌బోర్డు, క్లౌడ్.*

ఇందులో అన్నిటికంటే ఎక్కువ పనిచేసినవి రెండు లైన్లు. ఒకటి "ఏ తప్పు పెద్దది". ఇది మీ రంగంలో ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ చెప్పలేరు, నెట్‌లో దొరకదు, కాలేజీ గైడ్‌కి తెలియదు. కానీ డిజైనంతా దీనిమీదే ఆధారపడుతుంది. రెండోది "చేయనక్కర్లేనివి". పిల్లలకు బాగా వచ్చిన పని లాగిన్ పేజీ. కష్టమైన భాగం ఎదురైనప్పుడల్లా అందులోకి వెళ్లి తలదాచుకుంటారు. ఆ తలుపు ముందే మూసేయాలి.

"అయిందని ఎప్పుడనుకుంటాం" అన్నచోట ఎలాగైనా ఒక అంకె ఉండాలి. "యూజర్ ఫ్రెండ్లీగా", "స్కేలబుల్‌గా", "వేగంగా" అన్న మాటలు రాస్తే చివరి రోజు మీకూ వాళ్లకూ వాదనే మిగులుతుంది. అంకె ఎంత పెట్టాలో తెలియకపోతే, ఆ పని మీ ఆఫీసులో మనిషి చేస్తే ఎంత సరిగ్గా వస్తుందో ఒకసారి కొలిచి అక్కడి నుంచి మొదలుపెట్టండి.

పేజీ రాశాక సమస్యను రెండు మెట్లుగా విడగొట్టండి. మొదటి మెట్టు ఒక్కటే పూర్తయినా ప్రాజెక్టు పాసైనట్టు ఉండాలి. మా దాంట్లో మొదటి మెట్టు స్పెల్లింగ్ తేడాలు, రెండోది ఇంటిపేరు గల్లంతైన కేసులు. రెండో మెట్టు ఎక్కినా ఎక్కకపోయినా ఎవరి మార్కులూ పోకూడదు.

5. సమస్యలో ఆలోచనకు చోటుందా?

పని చిన్నదవ్వాలి కానీ బుర్రకు పని ఉండాలి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి మొదటి నెలలో సౌండెక్స్ అనే పాత పద్ధతిని పట్టుకొచ్చింది. పేరును పలికే తీరును బట్టి ఒక అక్షరం, మూడు అంకెల కోడ్‌గా మార్చే పద్ధతి అది. 1918లో అమెరికాలో పేటెంట్ అయింది. లక్ష్మిని ఎక్స్‌తో రాసినా, కె, ఎస్, హెచ్‌తో రాసినా ఒకే కోడ్ వచ్చింది, ఎల్-250. పిల్లలు ఎగిరి గంతేశారు. తర్వాత మొత్తం ఫైలు మీద నడిపారు. వెంకట్రావు, వెంకటేశ్వర్లు, వెంకటరమణ, ముగ్గురికీ వి-523. మా దగ్గర వెంకటలు లేని ఊరుందా! పల్లెకు పల్లె ఒకే మనిషైపోయింది.

అదెందుకో వెతికితే, సౌండెక్స్ మొదటి అక్షరం, ఆ తర్వాతి మూడు హల్లుల గుంపులే చూస్తుంది, మన పేర్లలో తేడా అంతా చివర్లో ఉంటుంది. ఇంగ్లీషు పేర్ల కోసం చేసిన కొలబద్ద అది. ఇక దాన్ని వదిలేసి అక్షరాల తేడాలు లెక్కబెట్టే లెవెన్‌స్టీన్ దూరం వైపు వెళ్లారు. దానికి తెలుగు ఉచ్చారణ సూత్రాలు కొన్ని వాళ్లే జోడించారు: ఎస్ పక్కన హెచ్ ఉన్నా లేకపోయినా ఒకటే, డబల్ అక్షరం సింగిల్ ఒకటే, వి డబ్ల్యూ ఒకటే. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అరగంట ఈ ఒక్క విషయం మీదే అడిగారట. డాష్‌బోర్డు చేసిన ఏడాది ఎవర్నీ ఏమీ అడగలేదు.

మీ సమస్యకు కూడా ఇలాంటి పరీక్ష పెట్టండి. మొదట తట్టే పరిష్కారం కొంత పనిచేసి, ఎక్కడో స్పష్టంగా విఫలమయ్యేలా ఉందా? ఉంటే అది మంచి ప్రాజెక్టు. మొదటి ప్రయత్నంలోనే పూర్తిగా పనిచేస్తే అది హోంవర్కు. ఏ ప్రయత్నమూ అసలు కదలకపోతే అది పీహెచ్‌డీ.

6. డేటా సిద్ధం చేయకుండా తేదీ ఇవ్వకండి

"డేటా తర్వాత ఇస్తాం" అన్న మాట ప్రాజెక్టుకు గొడ్డలిపెట్టు. లీగల్ వాళ్లు ఒప్పుకోవడానికి ఆరు వారాలు పడుతుంది, అప్పటికి ఫస్ట్ రివ్యూ అయిపోతుంది, పిల్లలు నెట్‌లో దొరికిన ఏదో డేటాసెట్‌తో పని ముగించేస్తారు.

అలాగని ఉన్న డేటాబేస్‌ని పెన్‌డ్రైవ్‌లో పోసి ఇవ్వడమూ కుదరదు. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం, సరైన జాగ్రత్తలు తీసుకోక వ్యక్తిగత వివరాలు బయటపడితే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. మేం ఫోన్ నంబర్లు, ఆధార్, బాండ్ నంబర్లు పూర్తిగా తీసేశాం. ఊళ్లకు కోడ్‌లు పెట్టాం. ఇంటిపేర్లను ఒకరివి ఇంకొకరికి మార్చేశాం, ఒకే రైతు ఎంట్రీలన్నిటిలోనూ ఒకే రకంగా. స్పెల్లింగు తేడాలు మాత్రం అలాగే ఉంచాం, అవే కదా కావలసింది. దీనికి మావాడికి రెండు రోజులు పట్టింది. 300 జతలకు జవాబులు పెట్టడానికి మా సపోర్ట్ టీమ్‌లో ఇద్దరికి ఇంకో రెండు రోజులు. ఈ నాలుగు రోజులు పెట్టలేమనుకుంటే ఈ ఏడాది బ్యాచ్‌ని తీసుకోకపోవడమే మర్యాద.

7. కోడ్ ఎవరిది?

మీ ఉద్యోగి రాసిన కోడ్ సాధారణంగా కంపెనీదే అవుతుంది. విద్యార్థి మీ ఉద్యోగి కాడు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవాళ్లే మొదటి యజమానులు. మీకు హక్కులు కావాలంటే వాళ్లు సంతకం పెట్టిన రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం లెక్కవేస్తుంది. చాలామంది వాట్సాప్‌లో "కోడ్ మాదే కదమ్మా" అని అడిగి, "అవును సార్" అనిపించుకుని ఊరుకుంటారు. ఆ మాటకు విలువ లేదు.

నా అభిప్రాయం అడిగితే, హక్కుల జోలికి పోకండి. కోడ్‌ని ఎవరైనా వాడుకోవచ్చనే ఎంఐటీ లైసెన్సుతో ఓపెన్‌గా పెట్టించండి. వాడుకోవడానికి మీకు అది సరిపోతుంది, పిల్లలు గిట్‌హబ్‌లో పెట్టుకుని ఇంటర్వ్యూల్లో చూపించుకుంటారు. అంత రహస్యమైన పనైతే అసలు బయటికి ఇవ్వకూడదు. ఎలాగూ రిపోర్టు కాలేజీ లైబ్రరీలో ఉంటుంది, వైవాకు బయటి ఎగ్జామినర్ వస్తారు. మూడు పేజీల ఎన్‌డీఏ (గోప్యత ఒప్పందం) మీద ఇరవై ఏళ్ల పిల్లలతో సంతకాలు పెట్టించి, ఆ తర్వాత "రివ్యూలో ఏమీ చూపించొద్దు" అంటే వాళ్లకు మార్కులెవరు వేస్తారు?

8. గైడ్‌తో గంట కూర్చోండి

కాలేజీలో ఇంటర్నల్ గైడ్ ఉంటారు. పేజీని ముందు ఆయనకు లేదా ఆమెకు చూపించండి. కాలేజీకి మీకు తెలియని అవసరాలుంటాయి: అబ్‌స్ట్రాక్ట్, లిటరేచర్ సర్వే, యూఎంఎల్ డయాగ్రములు, టెస్ట్ కేసులు, ప్లాజియరిజం రిపోర్టు, హార్డ్ బైండింగ్. కొన్నిచోట్ల "ఐట్రిపుల్‌ఈ బేస్ పేపర్ ఏది?" అని, అంటే పనికి ఆధారమైన పరిశోధన పత్రం ఏదని, మొదటి రివ్యూలోనే అడుగుతారు. ఇవి మీకు చాదస్తంగా కనిపించొచ్చు. వాళ్లకు మార్కులొచ్చేది వాటికే. మా పేర్ల సమస్యకు దగ్గరగా ఉన్న రెండు పేపర్లు మేమే వెతికి ఇచ్చాం, గైడ్ మేడమ్ ముఖం విప్పారింది.

మార్కులు మీ ఫలితం మీద ఆధారపడకుండా చూడమని గైడ్‌ని గట్టిగా అడగండి. 27 రాకపోయినా, ఎందుకు రాలేదో సరిగ్గా చూపించిన బ్యాచ్‌కి మంచి మార్కులు రావాలి. ఆ హామీ లేకపోతే ఏమవుతుందో హైదరాబాద్‌లో చదివిన ప్రతివాడికీ తెలుసు. అమీర్‌పేటకు వెళ్తారు. డబ్బులిస్తే కోడ్, డాక్యుమెంటేషన్, పీపీటీ, వైవా ప్రశ్నలు అన్నీ ఒక సీడీలో పెట్టి ఇచ్చే సెంటర్లు మైత్రీవనం చుట్టూ ఏళ్ల తరబడి నడిచాయి. ఇప్పుడు సీడీ పోయి డ్రైవ్ లింక్ వచ్చింది, ఆ పక్కన చాట్‌జీపీటీ వచ్చింది. మీ డేటా, మీ గుమాస్తా, మీ 100 జతల పరీక్ష ఉన్న ప్రాజెక్టును రెడీమేడ్‌గా ఎవరూ అమ్మలేరు. కాపీని ఆపడానికి మీ చేతిలో ఉన్న మంచి ఉపాయం అదే.

హ్యాకథాన్ అనుభవంతో వచ్చేవాళ్లకు ఒక మాట. 2017 నుంచి జరుగుతున్న స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో మంత్రిత్వ శాఖలు, కంపెనీలు సమస్యలిస్తాయి, ఆరుగురి బృందాలు పోటీపడతాయి. సాఫ్ట్‌వేర్ విభాగం ఫైనల్ 36 గంటలు. ఆ ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్లు చదవండి, నేపథ్యం, వివరణ, ఆశించే పరిష్కారం అని విడగొట్టి రాసే తీరు బాగుంటుంది. కానీ అక్కడ గెలవడానికి డెమో చాలు. మీ దగ్గర సెమిస్టర్ పొడుగునా నిలబడే పని కావాలి కాబట్టి ఆ స్టేట్‌మెంట్‌నే ఎత్తి ఇక్కడ పెడితే పొసగదు.

9. ఒక మనిషిని, వారానికి ఒక గంటను కేటాయించండి

పేజీ కింద ఒక పేరు ఉండాలి. హెచ్‌ఆర్ పేరు కాదు, ఆ సమస్య తెలిసిన ఇంజినీర్ పేరు. వారానికి ఒక గంట, ఫలానా రోజు, ఫలానా టైము. ఆయన సెలవులో ఉంటే ఎవరు చూస్తారో రెండో పేరు. ఈ గంటను ఆ ఇంజినీర్ పని లెక్కలో చూపించమని మేనేజర్‌కి చెప్పండి, లేకపోతే మూడో వారానికే "ఈరోజు రిలీజ్ ఉంది, వచ్చే వారం మాట్లాడదాం" మొదలవుతుంది.

మన పిల్లలతో ఒక చిక్కుంది. అర్థమైందా అంటే "అర్థమైంది సార్" అంటారు. డౌట్లున్నాయా అంటే "లేవు సార్". బయటికెళ్లాక ఒకర్నొకరు "నీకేమైనా అర్థమైందారా?" అని అడుగుతారు. అందుకని మొదటి మీటింగులో మీరు చెప్పడం తగ్గించండి. పేజీ ఇచ్చి పంపేసి, వారం తర్వాత అదే సమస్యను వాళ్ల మాటల్లో, తెలుగులో, బోర్డు మీద చెప్పించండి. నలుగురూ తలా ఒక భాగం. ఎక్కడ తడబడతారో అక్కడ మీ పేజీలో లోపముంది. మాకు ప్రతిసారీ ఒక లైనైనా మారుతుంది.

వీలైతే సమస్యను అనుభవిస్తున్న మనిషి దగ్గరికి తీసుకెళ్లండి. మా బ్యాచ్‌ని గుంటూరు తీసుకెళ్తే, వాళ్లు గుమాస్తా గారి పక్కన నోట్‌బుక్ తెరిచి నిలబడ్డారు. ఒకమ్మాయి అడిగింది, "బాబాయ్ గారూ, రెండు ఎంట్రీలూ ఒకే రైతువని మీరెలా గుర్తుపడతారు?" ఆయన కళ్లజోడు పైకి నెట్టి, "పేరు చూసి ఎవరు చెబుతారమ్మా? తండ్రి పేరు అడుగుతా. లేకపోతే ఎవరి ట్రాక్టర్‌లో వచ్చాడో చూస్తా" అన్నాడు. ట్రాక్టర్ సంగతి మాకే తెలీదు. గేటు రిజిస్టర్‌లో బండి నంబరు ఎప్పుడూ రాస్తున్నారు, మా సాఫ్ట్‌వేర్‌లో దానికి గడి లేదు. తండ్రి పేరుకు గడి ఉంది కానీ నింపడం తప్పనిసరి కాదు, కాబట్టి ఎవరూ నింపలేదు. ఆ సాయంత్రం తిరుగు బస్సులోనే పేజీలో "మేమిచ్చేది" అన్న లైను మార్చాం: బండి నంబరు కూడా ఇస్తాం, కోడ్ చేసి.

10. నాలుగో వారానికి వంకర బండి అయినా నడవాలి

మొదటి నెల చివరికి ఫైలు ఇస్తే ఏదో ఒక జాబితా బయటికి రావాలని పేజీలోనే రాయండి. తప్పుల తడకైనా ఫర్వాలేదు. ఒకడు డేటా శుభ్రం చేస్తూ, ఒకడు అల్గారిథమ్ రాస్తూ, ఒకడు స్క్రీన్ చేస్తూ, చివరి వారం అన్నీ కలుపుదామనుకునే బ్యాచ్‌లు ఆ వారం రాత్రిళ్లు ఏడుస్తాయి. మధ్యలో మీరు పని మార్చాలనుకుంటే ఒక్కసారికి మాత్రమే అనుమతి ఇచ్చుకోండి. అదీ సెకండ్ రివ్యూకి ముందే. కొత్తది ఒకటి చేర్చితే పాతది ఒకటి తీసేయండి.

11. అప్పగింత

చివరి పరీక్ష మేం ఇలా పెడతాం. ప్రాజెక్టుతో సంబంధం లేని మా ఉద్యోగి ఒకరికి రీడ్‌మీ ఫైలు (ప్రోగ్రామ్ ఎలా నడపాలో రాసిన కాగితం లాంటిది), కోడ్ లింకు ఇస్తాం. పిల్లలు గదిలోనే ఉంటారు కానీ నోరు విప్పకూడదు. గంటలో అది ఆయన ల్యాప్‌టాప్‌లో నడవాలి. ఆ తర్వాత దాచిపెట్టిన 100 జతలు.

రెండో ఏడాది బ్యాచ్‌ది నడవడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఏదో లైబ్రరీ వెర్షన్ రాయడం మర్చిపోయారు. ఒక కుర్రాడు చెప్పలేక, ఊరుకోలేక కుర్చీలో మెలికలు తిరిగిపోయాడు. మొదటి 30 సూచనల్లో 25 సరైనవి. మేమడిగిన 27 రాలేదు. తప్పిన అయిదింటిలో నాలుగు అన్నదమ్ములవి: ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు, ఒకే తండ్రి, ఒకే ట్రాక్టర్. పేర్లు సాంబశివరావు, శివసాంబరావు లాంటివి.

ఆ జాబితాను గుమాస్తా గారికి చూపిస్తే ఆయన నవ్వి, "వీళ్లను నేనే రెండుసార్లు కలిపేశాను" అన్నాడు. ఇప్పుడు మా ఎంట్రీ స్క్రీన్‌లో బండి నంబరుకు గడి ఉంది, తండ్రి పేరు నింపకపోతే ముందుకెళ్లదు. ఈ ఏడాది బ్యాచ్‌కి పేజీ తయారవుతోంది. అన్నదమ్ముల కేసులు దానిలో మొదటి లైను.